పాఠం చెప్పేవారికి పాలనలో పాలు లేదా?

(విద్యా విషయాలపై జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆచార్యుడను కాను. పండితుడను అసలే కాను. ఉన్నత విద్యకు సంబంధించిన ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. బి.ఏ. పట్టా ఒకటి ఉన్నది. పాఠ్యాంశాల లోతు నాకు తెలియదు. కాని ఆ పాఠ్యాంశాలను నిర్ణయించే కాగితం ఏ బల్ల మీద పుట్టి, ఏ బల్ల మీద ఆగిపోతుందో మాత్రం బాగుగా తెలుసును. ఈనాడు నేను చెప్పబోయేది ఆ బల్లల సంగతే.

మొదట ఒక ఉత్తరం గురించి చెబుతాను. చాలా ఏళ్ల క్రిందట ఒక అధ్యాపకురాలు మా కార్యాలయానికి మూడు పేజీల ఉత్తరం వ్రాశారు. ఆమె పార్ట్ టైమ్ పద్ధతిపై అర్థశాస్త్రం బోధించేవారు. అప్పటికి తొమ్మిది సంవత్సరాలుగా అదే కళాశాలలో, అదే పాఠం. కొత్తగా మార్చిన సిలబస్‌లో గణాంక పద్ధతులు మూడవ సెమిస్టర్‌లో పెట్టారనీ, ఆ గణాంకాలు తెలిస్తే తప్ప అర్థం కాని మరొక పేపరును రెండవ సెమిస్టర్‌లోనే పెట్టారనీ, సూచించిన పుస్తకాలు ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన పిల్లలకు అందుబాటులో లేవనీ ఆమె వివరించారు. ఎక్కడా ఫిర్యాదు లేదు. తన జీతం మాట లేదు. ఏ యూనిట్ ఎక్కడికి మార్చాలో ఒక పట్టిక గీసి మరీ పంపించారు.

ఆ ఉత్తరం టపాలో నా దగ్గరకు వచ్చింది. వ్రాసినవారు సిలబస్ నిర్ణయించే మండలిలో సభ్యులు కారు. శాశ్వత ఉద్యోగి కూడ కారు. ప్రిన్సిపాల్ ద్వారా రాలేదు. అట్టి ఉత్తరాన్ని ఏమి చేయాలో మా ఆఫీసు పద్ధతిలో ఒక మాట ఉన్నది: ‘ఎల్.డిస్.’ అనగా కొద్దికాలం కట్టలో ఉంచి, ఆ తరువాత చించివేసే కాగితం అన్నమాట. నేను ఆ రెండక్షరాలు వ్రాసి, చిన్న సంతకం పెట్టి, కట్టలో వేశాను. నియమం ప్రకారం నేను చేసిన దానిలో తప్పు లేదు. ఆ సంవత్సరం ఆ పేపరులో పిల్లలు పెద్ద సంఖ్యలో తప్పారు. మరుసటి విద్యా సంవత్సరం రెన్యూవల్ జాబితాలో ఆమె పేరు రాలేదు. కారణం ఫైలులో లేదు. కారణం వ్రాయవలసిన అవసరమూ లేదు. రెన్యూవల్ కాకపోవడానికి కారణం అడిగే నిబంధన ఏదీ ఆనాడు నా ముందున్న కాగితాలలో లేదు.

తరువాత ఎప్పుడో ఒక వలీమా విందులో ఆమె నన్ను గుర్తుపట్టారు. కోపం లేకుండా ఒకే మాట అడిగారు: ‘భాయ్ సాబ్, ఆ ఉత్తరం ఎక్కడిదాకా వెళ్లింది?’ నేను జవాబు చెప్పలేకపోయాను. ఈనాటి నా ప్రసంగమంతా ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

సోదరులారా, విశ్వవిద్యాలయ పాలన అనగానే అది మనకు సంబంధించని విషయమని తల్లిదండ్రులు అనుకొంటారు. కాని మీ బిడ్డ ఏ పుస్తకం చదవాలో పాఠ్యప్రణాళికా మండలి నిర్ణయిస్తుంది. పరీక్ష ఏ భాషలో వ్రాయవచ్చునో, ఏ కోర్సు ఉంచాలో, ఏది ఎత్తివేయాలో విద్యామండలి నిర్ణయిస్తుంది. ఫీజు, హాస్టలు, నియామకాలు, బడ్జెటు పాలకమండలి ముందుకు వస్తాయి. అంతర్గత నాణ్యతా విభాగం, శాఖా సమావేశం, అధ్యాపకుల మండలి వంటివి ఇంకా క్రింది మెట్లు. ఈ మెట్లలో ఏ ఒక్కదానిపైననూ కూర్చోని అధ్యాపకుడు మీ బిడ్డకు పాఠం చెప్పగలడు గాని, మీ బిడ్డ తరఫున మాట్లాడలేడు.

మరి ఈనాడు పాఠం చెబుతున్నది ఎవరు? మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఏ విశ్వవిద్యాలయ శాఖకు వెళ్లినా కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్, పార్ట్ టైమ్ లెక్చరర్, గెస్ట్ ఫ్యాకల్టీ, అకడమిక్ కన్సల్టెంట్ అనే పేర్లు వినవస్తాయి. పేర్లు నాలుగైనా పని ఒక్కటే. తరగతులు తీసుకొంటారు. పరీక్షల పర్యవేక్షణ, జవాబు పత్రాల మూల్యాంకనం చేస్తారు. న్యాక్ బృందం వస్తుందంటే రాత్రింబవళ్లు కూర్చుని ఫైళ్లు సిద్ధం చేసేది వారే. కాని పాఠ్యప్రణాళికా మండలి సమావేశమైతే తలుపు వద్ద ఆగిపోయేదీ వారే. పదవీ విరమణ పొందిన ఆచార్యుల స్థానాలలో ఏళ్ల తరబడి నోటిఫికేషన్లు రాకపోవడం వలన ‘తాత్కాలికం’ అన్న మాటకు అర్థమే మారిపోయింది. పదిహేనేళ్లు తాత్కాలికంగా పనిచేసినవారిని నేను ఎరుగుదును.

మన కుటుంబాలలో దీని పరిణామం మీకు వేరుగా చెప్పనక్కరలేదు. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘అబ్బాయి యూనివర్సిటీలో లెక్చరరే, కాని...’ అంటాము. ఆ ‘కాని’ వద్ద మాట ఆగిపోతుంది. నెట్, సెట్ ఉత్తీర్ణులై, పిహెచ్.డి. పూర్తిచేసిన మన పిల్లలకు శాశ్వత నియామకాల ద్వారం మూసుకుపోయి, గెస్ట్ ద్వారం ఒక్కటే మిగిలింది. ఎందరో పోరాడి సాధించుకొన్న బి.సి. ‘ఇ’ వర్గపు 4 శాతం రిజర్వేషను ఉన్నది. కాని నోటిఫికేషన్ రాకపోతే రోస్టర్ కదలదు. కదలని రోస్టర్‌లో 4 శాతం అయినా, 40 శాతం అయినా ఒక్కటే. కనుక ఇది కొందరు అధ్యాపకుల జీతాల సమస్య మాత్రమే కాదు. విద్యాసంస్థలలో మన గొంతు ఉంటుందా, ఉండదా అన్న ప్రశ్న.

నిబంధనలు ఏమంటున్నవో చూద్దాము. గుమాస్తాను గనుక నా దృష్టి ముందుగా నిబంధనల మీదికే పోతుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., 2018 నిబంధనలలో కాంట్రాక్ట్ నియామకాలు అత్యవసరమైనప్పుడే జరగాలనీ, మొత్తం అధ్యాపక స్థానాలలో 10 శాతం మించరాదనీ వ్రాసింది. అట్టివారికి ఇచ్చే మొత్తం శాశ్వత అసిస్టెంట్ ప్రొఫెసర్ పొందే నెలసరి స్థూల వేతనానికి తగ్గరాదని కూడ అందులోనే ఉన్నది. కాగితం మీద ఎంతో చక్కని నియమం. 2025 జనవరిలో వెలువడిన ముసాయిదాలో మాత్రం ఆ 10 శాతం పరిమితి కనిపించలేదు. పరిమితిని పాటించని సంస్థలను ప్రశ్నించడానికి బదులు పరిమితినే తొలగించే ఆలోచన అది.

2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీ విషయమై యు.జి.సి. మరొక మార్గదర్శక పత్రం పంపింది. ఒక్కొక్క ఉపన్యాసానికి 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 రూపాయలు అని నిర్ణయించింది. గౌరవ వేతనం గూర్చి పత్రికలలో చాలా వ్రాశారు. కాని అదే పత్రంలో ఉన్న మరొక అంశాన్ని ఎక్కువమంది గమనించలేదు. విశ్వవిద్యాలయపు చట్టబద్ధ మండలులలో సభ్యత్వానికి సంబంధించిన ఓటు హక్కు విషయంలో గెస్ట్ అధ్యాపకులను శాశ్వత అధ్యాపకులతో సమానంగా పరిగణించరాదని అందులో ఉన్నది. పింఛను, గ్రాట్యుటీ, సెలవుల వంటివి వర్తించవని తరువాతి అంశం. అనగా వృద్ధాప్యపు భద్రతను, పాలనలోని గొంతును పక్కపక్కనే పేర్చి, రెండింటినీ ఒక్కసారే కొట్టివేశారు.

పింఛను ఇవ్వడానికి ఖజానా కావాలి. అది నాకు తెలుసును. ఆర్థిక శాఖ అనుమతి రావాలి, బడ్జెట్ పద్దు చూపించాలి. కాని ఓటుకు ఏ పద్దు కావాలి? ఒక కుర్చీ, ఒక ఆహ్వాన పత్రం, సమావేశపు మినిట్స్‌లో ఒక పేరు. దీనికి ఖజానా మీద భారమేమున్నది? ఖర్చు లేనిదానిని కూడ నిరాకరిస్తున్నామంటే, కారణం డబ్బు కాదని మనం గ్రహించాలి.

ఇక మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంగతి. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం వచ్చిన తరువాత పాత సెనేట్, సిండికేట్‌ల స్థానంలో అకడమిక్ సెనేట్, పాలకమండలి వచ్చాయి. పాలకమండలిలో అధ్యాపకులకు చోటున్నది, కాని వారిని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. శాశ్వత అధ్యాపకునికే ఎన్నుకొనే అవకాశం సన్నగిల్లిన చోట తాత్కాలిక అధ్యాపకుని ఊసు ఎవరెత్తుతారు? కనుక మన కోరిక శాశ్వత అధ్యాపకులకు వ్యతిరేకమని ఎవరూ భావించనక్కరలేదు. ద్వారం తెరుచుకొంటే ఇద్దరికీ తెరుచుకొంటుంది.

రాజ్యాంగం ఏమంటున్నది? శాసనమండలికి ఉపాధ్యాయ నియోజకవర్గాలను ఏర్పరచిన 171వ అధికరణం పాఠం చదవండి. మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలలో కనీసం మూడు సంవత్సరాలు బోధనలో నిమగ్నమై ఉన్నవారు ఓటర్లని అందులో ఉన్నది. నియామక పత్రం ఏ రంగుదో ఆ వాక్యంలో లేదు. బోధిస్తున్నావా, ఎంతకాలంగా బోధిస్తున్నావు అన్నవే అందులోని ప్రశ్నలు. చట్టసభకు ప్రతినిధిని పంపే విషయంలో రాజ్యాంగ నిర్మాతలకు తోచిన ఆ కొలత విశ్వవిద్యాలయపు సిలబస్ నిర్ణయించే విషయంలో ఎందుకు పనికిరాదు?

సర్వోన్నత న్యాయస్థానం 2006లో ఉమాదేవి కేసులో, సక్రమ పద్ధతిలో నియమితులు కానివారు క్రమబద్ధీకరణను హక్కుగా కోరజాలరని చెప్పింది. ఆ తీర్పును చూపి తాత్కాలిక ఉద్యోగులను నోరు మూయించడం నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను. కాని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం సమానమైన పనికి సమాన వేతన సూత్రం తాత్కాలిక ఉద్యోగులకు కూడ వర్తిస్తుందని స్పష్టం చేసింది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలలో నెలకు 30,000 రూపాయలకు పనిచేస్తున్న కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల విషయంలో తీర్పు చెబుతూ, గురువును సభలలో శ్లోకాలతో స్తుతించి, జీతం వద్ద అవమానించడం తగదన్న భావాన్ని వ్యక్తం చేసింది. న్యాయస్థానాలు జీతం దాకా వచ్చాయి. గొంతు దాకా రావలసిన పని మనది, విశ్వవిద్యాలయాలది.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. అమెరికాలో విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం 1915లో ఏర్పడింది. పాలనలో అధ్యాపకులకు భాగం ఉండాలని 1966లోనే ఒక ప్రకటన రూపొందించింది. ఆ తరువాత అక్కడ కూడ శాశ్వత స్థానాలు తగ్గి, తాత్కాలిక, పార్ట్ టైమ్ అధ్యాపకులు పెరిగారు. ఆ సంఘం 2013లో ఈ విషయం మీదనే ఒక నివేదిక వెలువరించింది. దాని సారం నాలుగు మాటలలో చెబుతాను. ప్రధానంగా బోధన, పరిశోధన చేసేవారందరూ అధ్యాపకులే. ఓటు వేయడానికి, పదవికి నిలబడడానికి అర్హత అందరికీ ఒకటే ఉండాలి. కావాలంటే కొంతకాలపు సర్వీసును నిబంధనగా పెట్టుకోవచ్చు. పాలనా సమావేశాలకు వెచ్చించే కాలానికి ప్రతిఫలం ఉండాలి. సమావేశంలో చెప్పిన అభిప్రాయం కారణంగా ఎవరి ఉద్యోగమూ పోరాదు. శాశ్వత ఆచార్యుల పనితీరును మదింపు చేసే విషయంలో మాత్రం తాత్కాలికులకు పరిమితి ఉండవచ్చునని కూడ ఒప్పుకొన్నది. అంతకు పూర్వం 1997లోనే యునెస్కో ఉన్నత విద్యా బోధకుల హోదాపై చేసిన సిఫారసులో, సంస్థల పాలక మండలులలో అధ్యాపకులకు భాగస్వామ్యం ఉండాలనీ, క్రమంగా పార్ట్ టైమ్ పనిచేసేవారికి తగిన దామాషాలో సమాన సౌకర్యాలు ఉండాలనీ పేర్కొన్నది.

ఇక మనకు ఎదురయ్యే ఆక్షేపణలకు వద్దాము. వాటిని తేలికగా త్రోసివేయడం నాకు ఇష్టం లేదు. వాటిలో కొన్ని మా ఆఫీసు నోట్లలో నేనే వ్రాసినవి.

మొదటి ఆక్షేపణ: వారు ఈనాడు ఉంటారు, రేపు పోతారు. దీర్ఘకాలిక నిర్ణయాలలో వారికి భాగం ఎందుకు? దీనికి జవాబు సులభం. పాలకమండలి సభ్యుల పదవీకాలం ఎంత? ఉపకులపతి పదవీకాలం ఎంత? కొద్ది సంవత్సరాలే గదా! వచ్చిపోయే ఉపకులపతికి దీర్ఘకాలిక నిర్ణయం తీసుకొనే అర్హత ఉన్నప్పుడు, పన్నెండేళ్లుగా అదే గదిలో అదే పాఠం చెబుతున్న వ్యక్తి ఎట్లా పరాయివాడయ్యాడు? నిన్న చేరినవారికి మండలిలో చోటు ఇవ్వమని నేను అనడం లేదు. రెండు మూడు సంవత్సరాల బోధన పూర్తిచేసినవారికి ఇవ్వమంటున్నాను.

రెండవది: రెన్యూవల్ కోసం ఎదురుచూసేవారు అధికారి చెప్పినట్లే చేయెత్తుతారు. వారి ఓట్లు పైవారి జేబులోకి పోతాయి. సోదరులారా, ఇది నిజమైన భయం. నేను కూర్చున్న బల్ల ముందు చేతులు కట్టుకొని నిలబడిన విద్యాధికులను చూశాను. భయం ఉన్నమాట వాస్తవం. కాని భయపడేవానికి మాట్లాడే హక్కు తీసివేయడం భయానికి మందు కాదు. భయానికి మూలం రెన్యూవల్ కలములో ఉన్నది. అందుచేత ఓటు ఇచ్చేటప్పుడు దానికి తోడుగా రహస్య బ్యాలట్ ఉండాలి. మండలి సభ్యునిగా ఉన్న కాలంలో రెన్యూవల్ ఆపాలంటే వ్రాతపూర్వకమైన కారణం, అప్పీలు అవకాశం ఉండాలి. కాపుదల లేని ఓటు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే మేలు అన్న మాటను నేను సగం ఒప్పుకొంటాను. కాపుదలతో కలిపి ఇవ్వండి అన్నది నా మిగతా సగం.

మూడవది: వారి సంఖ్య ఎక్కువ. శాశ్వత అధ్యాపకులు మైనారిటీలో పడిపోతారు. ఈ మాట విన్నప్పుడు నాకు కొంచెం నవ్వు వస్తుంది. మైనారిటీలో పడిపోతామన్న భయం ఎట్లా ఉంటుందో ఈ సభలో కూర్చున్నవారికి మరొకరు చెప్పనక్కరలేదు. సంఖ్య తక్కువైనవారి హక్కుకు రక్షణ కావాలన్నదే మన వాదన గనుక, శాశ్వత అధ్యాపకుల భయాన్ని కూడ మనం గౌరవించాలి. మొదటి దశలో ప్రతి మండలిలో తాత్కాలిక అధ్యాపకులకు నిర్ణీతమైన స్థానాలు కేటాయిస్తే ఆ భయం తీరుతుంది. కాని అది మొదటి మెట్టు మాత్రమే. మొదటి మెట్టునే మేడ అనుకోరాదు.

నాలుగవది: వారు తమ క్రమబద్ధీకరణ కోసమే ఓటును వాడుకొంటారు. తన ఉద్యోగానికి సంబంధించిన అంశం వచ్చినప్పుడు ఆ సభ్యుడు ప్రక్కకు తప్పుకొనాలి. ఈ నియమం అందరికీ ఉండవలసిందే. తన పదోన్నతి అంశం వచ్చినప్పుడు ఆచార్యుడు కూడ లేచి బయటకు వెళ్లాలి. ఎంపిక కమిటీలలో తాత్కాలికులను కూర్చోబెట్టమని నేను కోరడం లేదు. సిలబస్, పరీక్షలు, మాధ్యమం, గ్రంథాలయం, విద్యార్థుల క్షేమం, నాణ్యత విషయాలలో వారి మాట వినమని కోరుతున్నాను.

అయిదవది, కొంచెం మెల్లగా చెప్పే ఆక్షేపణ: పాలనలో భాగం ఇస్తే అది తాత్కాలిక నియామకాలకు శాశ్వత ముద్ర వేసినట్లు కాదా? కొందరు తాత్కాలిక అధ్యాపక మిత్రులే నన్ను ఈ ప్రశ్న అడిగారు. ‘మాకు కుర్చీ వద్దు, ఉద్యోగం కావాలి’ అన్నారు. వారి ఆవేదన న్యాయమైనది. కుర్చీ ఇచ్చి ఉద్యోగాన్ని మరపించే ప్రయత్నం జరిగితే దానిని ముందుగా ఎదిరించవలసింది మనమే. నోటిఫికేషన్లు రావాలి, రోస్టర్ ప్రకారం శాశ్వత నియామకాలు జరగాలి. ఈ కోరికను ఒక్క అంగుళం కూడ తగ్గించరాదు. కాని ఆ దినం వచ్చేదాకా పాఠం ఆగదు. పిల్లలు ఏటేటా వస్తూనే ఉంటారు. తప్పు సిలబస్ వారిని ఏటేటా తప్పిస్తూనే ఉంటుంది. ఉద్యోగ న్యాయం జరిగే వరకు విద్యా న్యాయాన్ని వాయిదా వేయలేము.

మరి చేయవలసినదేమి? చట్టసభ దాకా పోకుండానే చేయగలిగినవి కొన్ని ఉన్నవి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టాలలో ‘అధ్యాపకులు’ అన్న మాటకు సాధారణంగా ఇచ్చే నిర్వచనం చాలా విశాలమైనది. ప్రొఫెసర్లు, రీడర్లు, లెక్చరర్లతో పాటు బోధన, పరిశోధనల కోసం నియమితులై, ఆర్డినెన్స్ ద్వారా అధ్యాపకులుగా గుర్తింపు పొందిన ఇతరులు కూడ అందులో వస్తారు. అనగా తాళంచెవి పార్లమెంటు వద్ద కాక, చాలావరకు విశ్వవిద్యాలయపు ఆర్డినెన్స్‌లోనే ఉన్నది. యు.జి.సి. పత్రంలోని అడ్డంకి గెస్ట్ ఫ్యాకల్టీకి సంబంధించినది. కాంట్రాక్ట్ అధ్యాపకుల విషయంలో ఆర్డినెన్స్ మార్చమని అడగడానికి ఆ పత్రం అడ్డురాదు. గెస్ట్ ఫ్యాకల్టీ విషయంలో ఆ అంశాన్నే సవరించమని యు.జి.సి.కి విజ్ఞాపనలు పంపాలి.

అంతర్గత నాణ్యతా విభాగం కూర్పులో అన్ని స్థాయిల అధ్యాపకులకు ప్రాతినిధ్యం ఉండాలని మార్గదర్శకాలలోనే ఉన్నది. ‘అన్ని స్థాయిలు’ అన్న మాటలో తాత్కాలికుల స్థాయి ఎందుకు చేరదు? ఈ ఒక్క పనికి ప్రిన్సిపాల్ సంతకం చాలును. న్యాక్ మూల్యాంకనలో పాలన, నాయకత్వం, నిర్వహణ ఒక ప్రత్యేక ప్రమాణం. పాఠాలు చెప్పేవారిలో ఎందరికి నిర్ణయాలలో భాగం ఉన్నదో ఆ ప్రమాణం క్రింద అడగమని మనం కోరవచ్చును.

పాఠ్యప్రణాళికా మండలి సమావేశానికి పూర్వం, ఆ పేపరును బోధిస్తున్న వారందరి నుండి, నియామక భేదం లేకుండా, వ్రాతపూర్వక అభిప్రాయం తీసుకొనాలి. వాటిని మండలి ముందు ఉంచినట్లు మినిట్స్‌లో వ్రాయాలి. ఈ చిన్న నియమం ఆనాడు ఉండి ఉంటే ఆ మూడు పేజీల ఉత్తరం మీద నేను ఎల్.డిస్. అని వ్రాయగలిగేవాడిని కాను. ఈ సమావేశాలకు వచ్చే తాత్కాలిక అధ్యాపకునికి ఆ గంటలకు కూడ గౌరవ వేతనం చెల్లించాలి. గంటకు ఇంత అని లెక్కగట్టి జీతమిచ్చేవారు సమావేశపు గంటను ఉచితంగా తీసుకొనడం న్యాయం కాదు.

ఇప్పటివరకు ప్రభుత్వానికి, విశ్వవిద్యాలయాలకు చెప్పాను. ఇక మన ఇంటి సంగతి. ఈ భాగం కొందరికి కష్టం కలిగించవచ్చును. క్షమించండి.

రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు ఇష్టమైన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కోసం మన పెద్దలు న్యాయస్థానాల మెట్లెక్కారు. అలీగఢ్ విశ్వవిద్యాలయపు మైనారిటీ ప్రతిపత్తి విషయంలో 1967 నాటి తీర్పును 2024 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో త్రోసిపుచ్చినప్పుడు మనమందరం సంతోషించాము. నిర్వహణలో మన గొంతు మనకు కావాలని అంతగా కోరుకొనే మనం, మన కమిటీలు నడిపే కళాశాలలలో ఎంతమంది పార్ట్ టైమ్ అధ్యాపకులను మేనేజ్‌మెంట్ సమావేశానికి పిలిచాము? పది నెలల జీతం ఇచ్చి, వేసవిలో రెండు నెలలు విరామమని పంపివేసే పద్ధతి మన సంస్థలలో లేదా? నిర్వహించే హక్కు అంటే అధ్వానంగా నిర్వహించే హక్కు కాదని న్యాయస్థానాలు 1958 నుండి చెబుతూనే ఉన్నవి. బయటివారికి మనం చూపే వ్రేలు మొదట మన వైపు తిరగాలి.

సంప్రదింపు మనకు కొత్త విషయం కాదు. ఖుర్ఆన్‌లోని 42వ సూరాకు పేరే ‘అష్-షూరా’. మదీనా మీదికి శత్రుసేనలు వస్తున్నవని తెలిసినప్పుడు కందకం త్రవ్వే ఆలోచన చెప్పిన సల్మాన్ ఫార్సీ (రజి) ఎవరు? ఆ నగరపు వంశస్థుడు కాడు. పరదేశి, బానిసత్వం నుండి విముక్తుడైనవాడు. ఆ మాట ఎవరు చెప్పారని చూడలేదు, మాట ఎట్లాంటిదని చూశారు. నగరం నిలిచింది.

హైదరాబాదులో మౌలానా ఆజాద్ పేరిట 1998 నుండి జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం నడుస్తున్నది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిసింది. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైన నేల ఇది. ఈ నేల మీద, తాత్కాలిక అధ్యాపకుల మాట వినే మొదటి సంస్థ మన కమిటీలు నడిపేది అయితే, అది మనకు గర్వకారణం కాదా?

కుటుంబాలకు ఒక మనవి. మీ పిల్లల కళాశాలలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మా బిడ్డకు పాఠం చెబుతున్నవారిలో ఎందరు శాశ్వతులు, ఎందరు తాత్కాలికులు, సిలబస్ గురించి చివరిసారి వారి అభిప్రాయం ఎప్పుడు అడిగారు? సమాచార హక్కు చట్టం 2005 నుండి మన చేతిలో ఉన్నది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు పది రూపాయల రుసుముతో ఈ సమాచారం కోరవచ్చును. దరఖాస్తు వ్రాయడం రానివారు నా వద్దకు రండి. నేను వ్రాసిపెడతాను. ఫైలును ఆపడం నాకు తెలుసును గనుక, కదిలించడమూ తెలుసును.

వెనుక వరుసలలో కూర్చున్న అధ్యాపక మిత్రులకు చివరి మాట. ఈ సభలో కూడ మీరు వెనుకనే కూర్చున్నారు. ఎవరూ మిమ్మల్ని అక్కడ కూర్చోమనలేదు. ఏళ్ల తరబడి తలుపు వద్ద ఆగి ఆగి మీకే అలవాటైపోయింది. ఈ ప్రసంగం ముగిసిన తరువాత చర్చ ఉన్నది. దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. మీ పాఠం గురించి మీరే మాట్లాడండి.

ఆ సోదరి ఆనాడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. అమ్మా, మీ ఉత్తరం నా బల్ల దాటి ముందుకు పోలేదు. ఆపినది నా చేయి. ఆపమన్నది నియమం. చేసినదానికి అల్లాహ్ నన్ను క్షమించుగాక. ఇక మిగిలిన బలంతో ఆ నియమాన్ని మార్చే పనిలో మీ అందరితో పాటు నేనూ ఉంటాను.